క్రూయిజర్ సైకిల్‌కి మిడ్‌డ్రైవ్ మోటార్: థ్రాటిల్ నొక్కగానే "టక్" మంటే ఏం చూడాలి

"అన్నా, మోటార్ పోయినట్టుంది" అంటూ మా గరాజ్‌లోకి తోసుకొచ్చిన క్రూయిజర్లు (లావు టైర్లు, వెడల్పు హ్యాండిల్ ఉండే సైకిళ్లు) ఇప్పటికి ఇరవై దాకా ఉంటాయి. వాటిలో నిజంగా మోటార్ పోయినవి రెండే. మిగతావాటిలో సగానికి పైగా ఒకటే జబ్బు. ఆ జబ్బు తెలియక నా సొంత సైకిల్‌తో నేనూ మూడు వారాలు కుస్తీ పట్టాను, అక్కర్లేని సామాన్లు కొన్నాను. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే.

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా బిగించుకునే మిడ్‌డ్రైవ్, అంటే పెడల్ ఇరుసు దగ్గర కూర్చునే మోటార్, బఫాంగ్ బీబీఎస్02: 48 వోల్టులు, 750 వాట్లు, 25 ఆంపియర్ల కంట్రోలర్ (మోటార్‌కి కరెంట్ కొలిచి అందించే భాగం). నేను చెప్పేవి దాన్ని దృష్టిలో పెట్టుకునే. దాని అన్న బీబీఎస్‌హెచ్‌డీకి కూడా సరిపోతాయి. చైన్ తీయడం, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఊడదీసే పుల్లర్ వాడటం, కనెక్టర్లు కలపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లక్షణం: నడుస్తూ నడుస్తూ మోటార్ ఆగిపోతోంది

ఫోన్‌లో ఈ మాట చెప్పిన ప్రతివాణ్ణీ నేను అడిగేది ఒకటే: ఆగినప్పుడు స్క్రీన్ వెలుగుతోందా, ఆరిపోయిందా? పదిమందిలో తొమ్మిదిమంది "చూళ్లేదన్నా" అంటారు. ముందు అది చూసి రండి.

ఆరిపోతే లోపం బ్యాటరీ వైపు. కంట్రోలర్ 25 ఆంపియర్లు లాగుతుంది, చవక బ్యాటరీల్లోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చాలాసార్లు 20 దాకానే తట్టుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అది చేతులెత్తేసి మొత్తం కరెంట్ ఆపేస్తుంది. కంట్రోలర్ సెట్టింగుల్లో కరెంట్‌ని 18కి దించి చూడండి. ఆగడం మానేస్తే జబ్బు దొరికినట్టే.

స్క్రీన్ వెలుగుతూ మోటార్ ఒక్కటే ఆగితే, ముందు బరువు మీద ఉన్నప్పుడు వోల్టేజీ చూడండి. 48 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 54.6 చూపాలి. ఎక్కుడులో అది 41 దగ్గరికి పడిపోతోందంటే కంట్రోలరే బ్యాటరీని కాపాడుకోవడానికి ఆపేస్తోంది. వోల్టేజీ బాగుంటే బ్రేక్ లివర్లు చూడండి. క్రూయిజర్ హ్యాండిల్ వెడల్పుగా, వెనక్కి వంగి ఉంటుంది కదా, కేబుల్ కాస్త పొట్టిదైతే లివర్ చివరి రెండు మిల్లీమీటర్లు వెనక్కి రాదు. లోపలి సెన్సర్ "బ్రేక్ పట్టారు" అనుకుంటుంది. రెండు బ్రేక్ సెన్సర్ల కనెక్టర్లూ ఊడదీసి ఒక చుట్టు తిరిగి రండి. మోటార్ బాగా నడిస్తే లివర్లు సరిచేసి, కనెక్టర్లు మళ్లీ పెట్టండి. "బాగానే ఉంది కదా" అని అలాగే వదిలేసినవాళ్లు నాకు తెలుసు. బ్రేక్ పట్టినా మోటార్ తోస్తూనే ఉంటుంది, జాగ్రత్త.

లక్షణం: కదిలేటప్పుడు "టక్", గతుకుల్లో మళ్లీ "టక్", చైన్ ఊరికే పడిపోతోంది

ఇదే నేను చెప్పిన జబ్బు. ఇది ఒక్క రూపంలో రాదు. ఆగి ఉన్న సైకిల్ మీద థ్రాటిల్ నొక్కగానే కింద నుంచి ఒక దెబ్బ వినిపిస్తుంది. నిలబడి తొక్కితే కిర్రుమంటుంది. రోజుకోసారి చైన్ లోపలి వైపుకి పడుతుంది. ఒక్కోసారి స్క్రీన్ మీద ఎర్రర్ 30 మెరిసి మాయమవుతుంది. అది మోటార్‌కీ స్క్రీన్‌కీ మధ్య మాట తెగిపోయిందని చెప్పే కోడ్. నాలుగూ నాలుగు వేర్వేరు రోగాల్లా కనిపిస్తాయి కాబట్టి జనం నాలుగు మందులు కొంటారు.

ముందు చెయ్యాల్సింది పది సెకన్ల పని. సైకిల్ పక్కన కూర్చుని మోటార్ డొక్కుని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కదిలితే ఎడమ వైపు పెద్ద నట్టు వదులైంది, బిగించండి, అయిపోయింది. ఈ పని చేసి వచ్చినవాళ్లు నాకు ఇంతవరకూ ఇద్దరే కనిపించారు. మిగతావాళ్లంతా చైన్ మార్చి, టెన్షనర్ కొని, యూట్యూబ్ చూసి గేర్‌బాక్స్ విప్పి, అప్పుడు నా దగ్గరికి వచ్చారు.

నేను దెబ్బతిన్నది దాని తర్వాత మెట్టులో. నేను ఊపి చూశాను, కదల్లేదు. నట్టు చూశాను, రాయిలా ఉంది. కాబట్టి బిగింపులో తప్పు లేదని తీర్మానించేసుకున్నాను. కొత్త చైన్ వేశాను, చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) మార్చాను, గేర్లు విప్పి గ్రీజు పెట్టాను. పెట్టి మళ్లీ బిగించాక రెండు రోజులు చప్పుడు లేదు! గ్రీజే మందని సంబరపడ్డాను. మూడో రోజు మళ్లీ "టక్".

అసలు సంగతి ఏమిటంటే, క్రూయిజర్‌కి మామూలుగా వచ్చేది ఒకే ఇనుప కడ్డీని వంచి చేసిన క్రాంక్. ఒహాయోలోని ఆష్టబులా ఊరి పేరుతో దాన్ని పిలుస్తారు. అంత వంపు దూరాలి కాబట్టి ఫ్రేమ్ అడుగున ఉన్న గొట్టం చాలా పెద్దది, లోపలి వ్యాసం 51.3 మిల్లీమీటర్లు, మరలు ఉండవు. మోటార్ ఇరుసు గొట్టమేమో 33.5 మిల్లీమీటర్లే. ఆ ఖాళీ నింపడానికి అల్యూమినియం అడాప్టర్ పెడతాం. మామూలు సైకిల్‌లో ఎడమ వైపు బిగింపు ప్లేట్‌కి ఉన్న పళ్లు నేరుగా ఫ్రేమ్ ఇనుముని కరిచి పట్టుకుంటాయి. క్రూయిజర్‌లో ఆ చోట అడాప్టర్ అంచు అడ్డుగా ఉంటుంది. పళ్లు కరిచేది అడాప్టర్‌ని. నట్టు ఎంత బిగించినా మోటారూ ప్లేటూ అడాప్టరూ ఒక్క ముద్ద అవుతాయి, ఆ ముద్ద మొత్తం ఫ్రేమ్‌లో తిరుగుతుంది. మోటార్‌ని అడాప్టర్ పట్టుకుంది సరే, అడాప్టర్‌ని ఎవరు పట్టుకున్నారు?

చేత్తో ఊపితే ఎందుకు కదలదంటే, ఇరుసు నుంచి ఇరవై సెంటీమీటర్ల దూరంలో పది కిలోల బలంతో తోసినా 20 న్యూటన్ మీటర్లు కూడా రావు. ఈ మోటార్ ఆగి ఉన్న సైకిల్‌ని లాగేటప్పుడు వంద దాటిస్తుంది. చైన్‌రింగ్‌ని ముందుకి తిప్పిన బలమే డొక్కుని ఎదురు తిప్పుతుంది, అంటే మోటార్ పైకి లేస్తుంది. గతుకు రాగానే బరువుకి కిందకి జారుతుంది. అదే "టక్". లేచినప్పుడు వైరు లాగబడి కనెక్టర్ క్షణం పాటు వదులుతుంది, అదే ఎర్రర్ 30. వదులు గొట్టంలో ఇరుసు కాస్త వాలితే చైన్ తిన్నగా నడవాల్సిన గీత తప్పుతుంది, అదే చైన్ పడటం. గేర్లు విప్పి మళ్లీ పెట్టినప్పుడు రెండు రోజులు బాగుండటానికి కారణం గ్రీజు కాదు, మోటార్‌ని కొత్తగా బిగించడమే.

మామూలు ఫ్రేముల్లో మోటార్ పైకి లేచినా ముందు గొట్టానికి ఆనుకుని ఆగుతుంది. క్రూయిజర్ గొట్టాలేమో 1930ల నాటి షోకుతో వంపులు తిరిగి ఉంటాయి, మోటార్‌కీ గొట్టానికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు. ఆగడానికి ఆసరా లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోవాళ్ల నెయిల్ పాలిష్ చాలు. అడిగి తీసుకోండి. ఎడమ వైపు ఫ్రేమ్ గొట్టం మీద మొదలుపెట్టి, అడాప్టర్ అంచు, ప్లేటు, నట్టు దాకా ఒకే తిన్నని గీత గీయండి. ఆరనివ్వండి. తర్వాత కాస్త ఎక్కుడు ఉన్న చోట ఆగి, పూర్తి థ్రాటిల్‌తో ఐదారుసార్లు బయల్దేరండి. వచ్చి గీత ఎక్కడ విరిగిందో చూడండి. నట్టుకీ ప్లేటుకీ మధ్య విరిగితే నట్టు తిరుగుతోంది. ప్లేటుకీ అడాప్టర్‌కీ మధ్య విరిగితే పళ్లు అల్యూమినియాన్ని తినేశాయి. ఫ్రేమ్‌కీ అడాప్టర్‌కీ మధ్య విరిగితే మన దొంగ దొరికాడు. అడాప్టర్ కుడి, ఎడమ రెండు ముక్కలైతే కుడి వైపు కూడా మోటార్ వెనక సందులో ఒక గీత పెట్టండి, అది ఒంటరిగా తిరిగిన సైకిల్ నేనొకటి చూశాను.

ఇక బాగుచేయడం. మోటార్ దింపండి, దాదాపు నాలుగు కిలోలుంటుంది, నట్టు చివరి మర వదిలేలోపు కింద ఒక చెయ్యి పెట్టండి. అడాప్టర్‌ని రబ్బరు సుత్తితో లోపలి నుంచి కొట్టి తీయండి. ఇప్పుడు గొట్టం లోపల వేలు పెట్టి చూస్తే పాత బేరింగుల గ్రీజు తగులుతుంది. తొంభై శాతం సైకిళ్లలో అది తుడవకుండానే అడాప్టర్ కొట్టేసి ఉంటారు. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డకి నలుపు అంటనంతవరకూ తుడవండి. లోపలి పెయింట్‌నీ, రెండు అంచుల మీది పౌడర్ కోటింగ్‌నీ ఇనుము మెరిసేదాకా గీకేయండి. పెయింట్ మీద బిగించిన ఏ నట్టయినా వారంలో వదులవుతుంది, ఎందుకంటే నలిగేది పెయింట్.

తర్వాత వెర్నియర్‌తో (మిల్లీమీటర్లో భాగాలు కొలిచే స్కేలు) గొట్టాన్ని నిలువునా అడ్డంగా కొలవండి. వెల్డింగ్ వేడికి గొట్టం కాస్త కోడిగుడ్డు ఆకారంలోకి పోయి ఉండటం మామూలే. అడాప్టర్‌ని ఉత్తినే పెట్టి చూడండి. సుత్తి దెబ్బలకి గాని దిగకపోతే మంచిది. బొటనవేలితో దిగిపోతే మాత్రం దాన్ని అలాగే బిగించవద్దు. కూల్‌డ్రింక్ డబ్బా రేకు మందం మిల్లీమీటర్‌లో పదో వంతు ఉంటుంది, దాన్ని పట్టీలా కత్తిరించి చుట్టి కొట్టవచ్చు. నేను మాత్రం రిటైనింగ్ కాంపౌండ్, అంటే లోహపు భాగాలని కదలకుండా పట్టే జిగురు, వాడతాను. బోల్టులకి రాసే నీలం రంగు లాక్ కాదు, బేరింగులు కూర్చోబెట్టే ఆకుపచ్చది. పావు మిల్లీమీటర్ దాకా సందు నింపే రకం తీసుకోండి. రాసి, కొట్టి, 24 గంటలు ముట్టుకోకండి. "రాత్రి పెట్టాను, పొద్దున్న తొక్కాను" అన్నవాళ్లు రెండోసారి వచ్చారు. మళ్లీ తీయాలంటే బాగా వేడిచేయాలి, ఆ చోట పెయింట్ పోతుంది. అల్యూమినియం ఫ్రేమ్ అయితే టార్చ్ జోలికి వెళ్లకండి, రేకు పద్ధతే మేలు.

కొత్తగా కొనేవాళ్లు రెండు ముక్కలూ బోల్టులతో ఒకదాన్నొకటి లాక్కునే అడాప్టర్ కొనండి. సుత్తితో కొట్టి వదిలేసే రకం ఇంకాస్త చవక, కానీ నేను నాలుగుసార్లు విప్పిందీ అదే.

ఆఖరుగా, మోటార్‌కీ ముందు గొట్టానికీ మధ్య సందులో గట్టి రబ్బరు ముక్క దూర్చి, మోటార్‌ని దానికి ఒత్తి పట్టుకుని నట్టు బిగించండి. పాత టైర్ ముక్కలు మూడు నాలుగు మడతలు పెట్టినా సరే. పైకి లేవడానికి చోటు లేకపోతే అడాప్టర్ మీద భారం తగ్గుతుంది. ఒక పట్టీతో కట్టేయండి, లేకపోతే గతుకుల్లో రాలిపోతుంది. నలభై కిలోమీటర్లు తొక్కాక నట్టుని మళ్లీ ఒకసారి బిగించండి. నెయిల్ పాలిష్ గీత మాత్రం చెరపకండి, పెట్రోల్ బంకులో గాలి కొట్టించినప్పుడల్లా ఒక చూపు చూస్తే చాలు.

లక్షణం: వెనక్కి తొక్కితే బ్రేక్ పడటం లేదు

పడదు. ఇది చెడిపోవడం కాదు. మోటార్ లోపల క్లచ్ ఉంటుంది, పెడల్ వెనక్కి తిప్పితే చైన్‌రింగ్ కదలదు, కాబట్టి వెనక చక్రంలోని కోస్టర్ బ్రేక్‌కి (వెనక్కి తొక్కితే పడే బ్రేక్) కబురే అందదు. ఇది తెలియకుండా బిగించి, వాలులో దిగుతూ తెలుసుకున్న మిత్రుడు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. మోచేయి గీరుకుపోవడంతో బయటపడ్డాడు. మోటార్ పెట్టేముందే ముందు చక్రానికీ వెనక చక్రానికీ లివర్‌తో పట్టే బ్రేకులు ఉండాలి. మీ ఫ్రేమ్‌కి బ్రేక్ బిగించే చోటే లేకపోతే ఆ ఫ్రేమ్‌కి మోటార్ వద్దు.

లక్షణం: ఎర్రర్ 21

వేగం సెన్సర్. క్రూయిజర్ టైర్ లావు, అందుకని ఫ్రేమ్ గొట్టం స్పోకులకి దూరంగా ఉంటుంది, అయస్కాంతం సెన్సర్‌కి అందదు. కొన్ని మిల్లీమీటర్ల దగ్గరికి తెండి. సెన్సర్ కింద చెక్క ముక్కో రబ్బరో పెట్టి ఎత్తుచేస్తే సరిపోతుంది.

లక్షణం: పాత పెడల్స్ కొత్త క్రాంక్‌కి ఎక్కడం లేదు

ఎక్కవు. ఒంటి కడ్డీ క్రాంక్ పెడల్ మర అర అంగుళం, మోటార్‌తో వచ్చే క్రాంక్‌ది 9/16 అంగుళం. బలవంతం చేయకుండా కొత్తవి కొనండి. పనిలో పని, పాత క్రాంక్ తీసేటప్పుడు ఎడమ వైపు నట్టూ కోనూ ఉల్టా మరలు, కుడికి తిప్పితే వదులవుతాయి.

మిగతావి అరుదు. ఎర్రర్ 08 వస్తే లోపం మోటార్ లోపలి హాల్ సెన్సర్‌ది (మోటార్ ఎంత తిరిగిందో కంట్రోలర్‌కి చెప్పేది). సైకిల్ ఎత్తి పట్టుకుని, బరువు లేకుండా తిప్పినా గరగరమంటే లోపం లోపలి నైలాన్ గేర్‌ది. గీత పరీక్ష చేశాక కూడా ఇవి మిగిలితేనే మోటార్ విప్పండి.

ఈ సైకిల్‌ని ఇంటికి పంపిస్తే విజయవాడలో తొక్కుకోవచ్చా అని అడిగేవాళ్ల కోసం ఒక్క ముక్క: ఇండియాలో రిజిస్ట్రేషన్ అక్కర్లేకుండా నడవాలంటే మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఈ 750 వాట్ల బొమ్మ అందులోకి రాదు.