ప్రెయిరీ డాగ్ వేట యాత్ర, 5వ పాఠం: ఆ నేల ఎవరిది?

ఈసారి గాలి తూటాను ఎలా నెడుతుందో చెప్తానని మాటిచ్చాను. చెప్తాను, కానీ చివర్లో, కొంచెంగా. 4వ పాఠం అభ్యాసానికి మీరు పంపిన ప్లాన్లు చదివాక రెండు రాత్రులు నాకు టెన్షన్ తగ్గలేదు. ముందు ఆ సంగతి తేలాలి.

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో ప్రెయిరీ డాగ్ (గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని ఉండే చిన్న జంతువు) వేటకు మూడు రోజుల యాత్ర ప్లాన్ రాయమన్నాను. రైఫిల్, స్కోప్, హోటల్, కూలర్‌లో పులిహోర దాకా అందరూ చక్కగా రాశారు. ఎక్కడ కాలుస్తారు అన్నచోట మాత్రం చాలామంది రాసిన పేరు ఒక్కటే: కొనాటా బేసిన్.

అక్కడ ప్రెయిరీ డాగ్‌లను కాల్చడం నిషేధం.

ఈ పొరపాటుకు మూలం నేనే. "నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అంటే ప్రభుత్వ భూమి, అక్కడ వేటకు వీలుంటుంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. మీరు మ్యాప్ తెరిచి, వాల్ అనే ఊరికి దక్షిణంగా బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ చూసి, ప్రెయిరీ డాగ్‌లు ఎక్కువగా ఉన్న చోటు వెతికి, సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. ఆ గ్రాస్‌ల్యాండ్ దాదాపు 6 లక్షల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటుంది. కానీ అంతటికీ ఒకే రూలు లేదు.

కొనాటా బేసిన్ ఎందుకు మూశారో తెలిస్తే మళ్లీ మర్చిపోరు. నల్లకాళ్ల ఫెర్రెట్ అని ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే జంతువు ఒకటుంది. దాని తిండి దాదాపు మొత్తం ప్రెయిరీ డాగే, కాపురం కూడా వాటి బొరియల్లోనే. ఆ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో వయోమింగ్‌లోని మిటీట్సీ దగ్గర ఒక రాంచ్ (పశువులను మేపే పెద్ద పొలం) కుక్క చచ్చిన ఫెర్రెట్‌ను నోట కరుచుకుని ఇంటికి తెచ్చింది. అలా వాటి ఉనికి బయటపడింది. తర్వాత జబ్బులు పడి 1987 నాటికి పద్దెనిమిదే మిగిలాయి. వాటిని పట్టుకుని, సంరక్షణలో పిల్లలు పెట్టించి, 1996 నుంచి కొనాటా బేసిన్‌లో వదులుతూ వచ్చారు. అక్కడి ప్రతి ప్రెయిరీ డాగూ ఆ ఫెర్రెట్‌కు అన్నం ముద్ద. అందుకే అక్కడ వాటి మీద తుపాకీ పేల్చకూడదు.

ఇద్దరు రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ రాశారు. అది బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు లోపలి చోటు. పార్కులో వేట లేదు. పిల్లలతో వెళ్లి చూడండి, ఫొటోలు తీసుకోండి, ఒక గంట కూర్చుని వాటి అరుపులు వినండి. కుక్క అరుపులా ఉంటుందనే వాటికి ఆ పేరు వచ్చింది గానీ, నిజానికవి ఉడుత జాతి.

ఇంకొకరు పైన్ రిడ్జ్ రిజర్వేషన్ (అమెరికా ఆదివాసీ తెగ భూమి) పక్కన గుర్తు పెట్టి "రాష్ట్ర లైసెన్స్ ఉంది కదా" అని రాశారు. రిజర్వేషన్ భూమిలో రాష్ట్ర లైసెన్స్ ఒక్కటీ చాలదు. ఆ తెగ ప్రభుత్వం ఇచ్చే అనుమతి వేరుగా తీసుకోవాలి, వాళ్ల రూల్స్ వాళ్లవి. రోజ్‌బడ్ అయినా, షయాన్ రివర్ అయినా అంతే.

ఇక అసలు చిక్కు. గ్రాస్‌ల్యాండ్ మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు అంతా ఒకే ముక్క కాదు. చదరంగం బల్లలా ప్రభుత్వ ముక్క, పక్కన ప్రైవేటు ముక్క, మళ్లీ ప్రభుత్వ ముక్క. కంచె ఉన్నచోటే హద్దు ఉంటుందనుకోవద్దు. కంచె పశువుల కోసం వేసింది, హద్దు కోసం కాదు. మన ఊళ్లలో గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములే కోర్టుకెక్కుతారు. అడగకుండా ఒకరి చేలో దిగం. ఇక్కడ కనుచూపు మేర గడ్డి, మనిషి జాడ లేదు కాబట్టి ఎవరిదీ కాదనిపిస్తుంది. ప్రతి ఎకరానికీ ఆసామి ఉన్నాడు. సౌత్ డకోటాలో ప్రైవేటు భూమిలో వేటకు అనుమతి తప్పనిసరి, బోర్డు ఉన్నా లేకపోయినా. మీరు నిలబడ్డ నేల ప్రభుత్వానిదై, తూటా పడే నేల రాంచర్‌దైతే అది కూడా తప్పే.

నా పద్ధతి చెప్తాను. మొదటి యాత్రకు నేను ప్రభుత్వ భూమి జోలికి పోను. ఒక రాంచర్‌కు ఫోన్ చేస్తాను. తన గడ్డి తినేస్తున్నాయని వాటిని వద్దనుకునే ఆసాములు చాలామంది ఉంటారు. కొందరు ఊరికే రమ్మంటారు, కొందరు రోజుకింత అని తీసుకుంటారు. ఫోన్‌లో నేను అనేది ఇంతే: "జూలైలో ఇద్దరం వద్దామనుకుంటున్నాం. మీ భూమిలో ప్రెయిరీ డాగ్‌లను కాల్చుకోనిస్తారా? పశువులు ఏ పక్క మేస్తుంటాయి? ఏ గేటు వాడమంటారు? వాన పడితే ఏ దారిలోకి వెళ్లకూడదు?" పశువుల గురించి అడిగేసరికి ఆయన గొంతు మారుతుంది. నాలుగో ప్రశ్న మర్చిపోవద్దు. అక్కడి మట్టి మన నల్లరేగడికి అన్న. తడిస్తే ట్రక్కు చక్రాలకు చుట్టుకుని అక్కడే ఆపేస్తుంది, మీ చక్రాలు చేసిన గాడులు ఆయన దారిని ఏడాదంతా పాడు చేస్తాయి. గేటు ఎలా ఉందో అలాగే వదలండి. మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. మీ ప్లాన్లలో చాలావాటిలో ఈ వరుస కనిపించింది: "మేలో ఫ్రెండ్ రైఫిల్‌తో షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీస్. జూన్‌లో ప్రయాణం. వాల్ చేరాక లైసెన్స్." సిటిజన్‌కూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ ఈ వరుసతో గొడవ లేదు. మనలో హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ల కుటుంబం), ఎఫ్-1 (చదువు) వీసాల మీద ఉన్నవారు ఎంతమంది! నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారి దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. అంటే లైసెన్స్ యాత్ర చివర కొనే టికెట్ కాదు. మొదటిసారి తుపాకీ ముట్టుకునే ముందే జేబులో ఉండాల్సిన కాగితం.

ఇది పైకి చిన్న విషయంలా ఉంటుంది కాబట్టి విడమరచి చెప్తాను. ఫ్రెండ్ రైఫిల్‌ను రేంజ్‌లో "ఒక్క రౌండు" కాల్చి చూడటం ఇందులోకి వస్తుంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీ కూడా వస్తుంది. ఫ్రెండ్ ట్రక్కులో చోటు లేదని అతని తూటాల డబ్బా మీ డిక్కీలో పెట్టుకున్నా, యాత్ర నుంచి వచ్చాక రెండు వారాలు మీ అపార్ట్‌మెంట్‌లో ఉంచుకున్నా ఇందులోకే వస్తాయి. భర్తకు లైసెన్స్ ఉండి, హెచ్-4 మీద ఉన్న భార్యకు లేకపోతే ఆయన కాగితం ఆమెకు పనికిరాదు. పోయిన ఏడాది లైసెన్స్ గడువు తీరి, ఈ ఏడాదిది ఇంకా కొనకపోతే ఆ మధ్య రోజుల్లో మీరు లైసెన్స్ లేనివారే. "కౌంటర్‌లో అతను అడగలేదు" అన్నది జవాబు కాదు. వేటలో ఒక రోజు పోతే మళ్లీ వెళ్లొచ్చు, వీసా పోతే పదేళ్లుగా కట్టుకున్న బతుకు పోతుంది. మీ స్టేటస్‌లో ఏ చిన్న అనుమానమున్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు ఆగిపోయింది. మనకు ఇవన్నీ చెప్పే తాతలూ మామలూ లేరు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

తేదీల గురించి ఒక్క మాట. సౌత్ డకోటా ప్రభుత్వ భూముల్లో మార్చి 1 నుంచి జూన్ 14 వరకు ప్రెయిరీ డాగ్ వేట మూసి ఉంటుంది. అది పిల్లల కాలం. ప్రైవేటు భూమిలో ఆ అడ్డు లేకపోయినా నేను జూన్ సగం దాటాకే వెళ్తాను, మీరూ అలాగే వెళ్లండి. తల్లి పోతే పిల్లలు బొరియలో ఆకలితో చస్తాయి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది వేట రూల్స్ పుస్తకం చూసుకోండి. మరో సంగతి, ఆ రాష్ట్రం రెండు టైమ్ జోన్ల మధ్య చీలి ఉంది. రాంచర్ ఆరింటికి రమ్మంటే ఎవరి ఆరు అని అడగండి.

ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు ఆ నిలబడింది ప్రెయిరీ డాగేనని తేల్చుకోండి. బొరియ గుడ్లగూబ కూడా అదే మట్టి దిబ్బ మీద, అదే నిటారు తీరులో నిలబడుతుంది. పది గంటలు దాటి ఎండ వేడికి గాలి అలల్లా కదులుతుంటే 250 గజాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ పక్షిని చట్టం కాపాడుతుంది. కాళ్లు సన్నగా, పొడుగ్గా ఉన్నాయా చూడండి. అనుమానం తీరకపోతే కాల్చకండి. జంతువు వెనక మట్టి కనిపించాలి, ఆకాశం కనిపించకూడదు. నేను ఎప్పుడూ కొంచెం మిట్ట మీద కూర్చుని కిందికే కాలుస్తాను.

సీసం తూటాలు వాడకండి, రాగివి కొనండి. పడినదాన్ని గద్దలూ డేగలూ తింటాయి, సీసం వాటి ఒంట్లోకి పోతుంది. చచ్చినదాన్ని మీరు చేత్తో ముట్టుకోవద్దు, మీ కుక్కనూ వెళ్లనివ్వద్దు. వాటి ఒంటి మీది ఫ్లీ అనే నెత్తురు తాగే చిన్న పురుగులు ప్లేగు మోస్తాయి.

ఇక గాలి. నా రైఫిల్ .223 (తూటా సైజు), అది తప్ప వేరేది తీసుకెళ్లను, కాబట్టి లెక్కలు దానివే. 55 గ్రెయిన్ల బరువున్న తూటాను గంటకు 10 మైళ్ల అడ్డగాలి 100 గజాల్లో సుమారు ఒక అంగుళం నెడుతుంది. 200 గజాల్లో నాలుగు అంగుళాలు, 300లో తొమ్మిది, పది. దూరం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. నిలబడ్డ ప్రెయిరీ డాగ్ వెడల్పు మూడు నాలుగు అంగుళాలే, అంటే 200 గజాల్లోనే గాలిని లెక్కించకపోతే గురి తప్పుతుంది. .17 హెచ్‌ఎంఆర్ అనే చిన్న తూటా రైఫిల్ ఉన్నవారికి అదే 200 గజాల్లో పదిహేను అంగుళాల దాకా పోతుంది, వాళ్లు 125 గజాలు దాటొద్దు. గాలి ఎదురుగా గానీ వెనక నుంచి గానీ వస్తే పక్కకు నెట్టదు. తూటా వెళ్లే దారికి 30 డిగ్రీల వాలులో వస్తే అడ్డగాలిలో సగం లెక్కేయండి. గాలి గంటకు 15 మైళ్లు దాటితే నేను రైఫిల్ సంచిలో పెట్టేస్తాను. గాయపడి బొరియలోకి పోయినదాన్ని మళ్లీ బయటికి తేలేం.

అభ్యాసం. పాత ప్లాన్ చింపేయండి. మీరు కూర్చునే చోటు మ్యాప్ మీద చుక్క పెట్టి, దాని చుట్టూ మైలు దూరం గుండ్రంగా గీసి, ఆ గుండ్రంలోకి వచ్చే ప్రతి ముక్కకూ యజమాని పేరు రాయండి. ప్రభుత్వ ముక్క అయితే ఆ జిల్లా రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేసి, "ఈ చోట ప్రెయిరీ డాగ్‌లను కాల్చవచ్చా?" అని అడిగి, వాళ్లన్న మాటనూ తేదీనీ పక్కన రాయండి. ప్రైవేటు అయితే రాంచర్ చెప్పిన గేటు, పశువుల చోటు రాయండి. వీసా మీద ఉన్నవారు ఆ కాగితం పైభాగాన లైసెన్స్ కొన్న తేదీ వేయాలి. మొదటి రేంజ్ ప్రాక్టీస్ తేదీ దాని కిందే రావాలి. ఆ తర్వాత, గాలి వీచే రోజునే ఎంచుకుని, 200 గజాల్లో నాలుగు అంగుళాల కాగితం చక్రం మీద ఇరవై తూటాలు కాల్చండి. ప్రతి తూటాకు ముందు గాలి ఎంతుందో, ఎంత పక్కకు పట్టారో పుస్తకంలో రాసుకోండి. పదహారు లోపల పడకపోతే మరో గాలి రోజు చూసుకుని మళ్లీ మొదటి నుంచి కాల్చండి. వేడెక్కిన బారెల్ గురించి చెప్పే 6వ పాఠం ఈ కాగితం పూర్తి చేసినవారికే అర్థమవుతుంది.