సైన్సు పాఠంలో ఇంటర్నెట్: ఉపాధ్యాయులకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

ఉపాధ్యాయ శిక్షణల్లో తరచుగా కనిపించే తంతు ఒకటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెబ్‌సైట్ల పేర్లు ఏకరువు పెడతారు, వచ్చినవారు వాటిని శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకుంటారు, సోమవారం బడికి వెళ్లాక పాఠం మాత్రం ఎప్పటిలాగే సుద్దముక్కతోనే నడుస్తుంది. కాబట్టి శిక్షణ సైట్ల జాబితాతో కాకుండా, ఉపాధ్యాయుడు వచ్చే పక్షం రోజుల్లో చెప్పబోయే పాఠంతో మొదలు కావాలి. హైదరాబాద్‌లో ఉన్నత పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులకు స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలో రెండు రోజుల శిక్షణ పెట్టదలచిన వారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. బృందం ఇరవై మందికి మించకపోతే మేలు.

1. ముందే పాఠాలు అడిగి తెలుసుకోండి

వారం ముందు ప్రతి ఉపాధ్యాయుడినీ రెండే ప్రశ్నలు అడగండి: రాబోయే పాఠం ఏమిటి, అందులో పిల్లలు ఎక్కడ తడబడతారు? వచ్చిన జవాబులను రెండుగా విడదీయండి. చేత్తో చేసి చూపగలిగిన దానికి తెర అక్కర్లేదు. గొట్టంతో సున్నపు నీటిలోకి గాలి ఊదితే తెల్లబడటాన్ని గాజు గ్లాసులో చూపవచ్చు, దానికి వీడియో పెట్టడం పిల్లల కుతూహలాన్ని చంపడమే. కంటికి కనిపించని అణువుల కదలిక, తెరిచి చూడలేని గుండె కవాటాలు, నెలల తరబడి సాగే గ్రహ చలనం వంటి వాటికే ఇంటర్నెట్‌ను కేటాయించాలి.

2. నెట్ రాదనే లెక్కతో సిద్ధపడండి

నేను రిసోర్స్ పర్సన్‌గా వెళ్లిన ఒక శిక్షణలో నలభై మంది ఒకే వైఫైకి తగులుకోవడంతో, తెరపై తిరిగే చక్రాన్ని చూస్తూ ఇరవై నిమిషాలు గడిపాం. ఆ తరువాత నుంచి పెన్‌డ్రైవ్ లేకుండా బయలుదేరలేదు. కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లను, అంటే తెరపైనే ప్రయోగం చేసి చూసే నమూనాలను, ముందుగానే దించుకుని నెట్ లేకుండా నడపవచ్చు. తెలుగులోనూ, పాతబస్తీ ఉర్దూ మీడియం బడులకు పనికొచ్చేలా ఉర్దూలోనూ చాలా సిమ్యులేషన్లు దొరుకుతాయి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే, ప్రభుత్వ విద్యా వేదిక దీక్షాలోని వీడియోలను కూడా ముందు రోజే ఫోనులో భద్రపరచుకోవడం నేర్పండి.

3. ఒక్క పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా చేయించండి

మొదటి రోజు మధ్యాహ్నమంతా దీనికే ఇవ్వండి. పదో తరగతి విద్యుత్ పాఠం ఇందుకు చక్కగా సరిపోతుంది. ముందు బల్లల మీద నిజమైన బ్యాటరీలు, టార్చి బల్బు, అమ్మీటరు, వోల్టు మీటరు పెట్టి, బ్యాటరీలను ఒకటి, రెండు, మూడుగా పెంచుతూ రీడింగులు రాయించాలి. తరువాతే ఫెట్‌లోని సర్క్యూట్ కిట్‌ను తెరవాలి. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల నిరోధం కలిపితే అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపుతుంది. అదే నిరోధాన్ని ఇంకొకటి శ్రేణిలో చేరిస్తే 0.45కి దిగుతుంది, సమాంతరంగా కలిపితే బ్యాటరీ నుంచి వచ్చే ప్రవాహం 1.8కి పెరుగుతుంది. ప్రతి మార్పుకూ ముందు "ఇప్పుడు ఎంత చూపుతుంది?" అని అడిగి, జవాబు కాగితంపై రాయించిన తరువాతే మీట నొక్కనివ్వాలి. ఊహించకుండా చూసిన సిమ్యులేషన్ సినిమాతో సమానం.

అసలు చర్చ ఇక్కడి నుంచే మొదలవుతుంది. తెరపై నిరోధానికి గీసిన వోల్టేజి, కరెంటు గ్రాఫు సరళరేఖగా వస్తుంది. టార్చి బల్బు రీడింగులతో గీసిన గ్రాఫు మాత్రం వంగుతుంది, ఎందుకంటే తంతువు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. "మా మీటరు పాడైంది" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. వెంటనే సరిదిద్దకుండా కాసేపు వాదించుకోనివ్వండి, ఎందుకంటే రేపు తరగతిలో పిల్లలు అనబోయే మాట కూడా అదే.

4. సమాచారాన్ని నిలదీయడం నేర్పండి

రెండో రోజు ఉదయం, ఈ రాత్రి కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపేయండి అంటూ ఏళ్ల తరబడి తిరుగుతున్న వాట్సాప్ సందేశాన్ని పంచి, అది ఎవరు చెప్పింది, ఎప్పుడు చెప్పింది, ఏ కొలమానంలో చెప్పింది అని వెతికించండి. మూడో ప్రశ్న చిన్నదిగా కనిపించినా చాలా కీలకమైనది. సనత్‌నగర్, జూపార్క్ వంటి కేంద్రాల గాలి వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో దొరుకుతాయి. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి కణాలు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉంటే మన దేశపు గాలి నాణ్యత సూచీ 100 చూపుతుంది, అమెరికా పద్ధతిని వాడే యాప్ అదే గాలికి 150కి పైగా చూపుతుంది. రెండూ తప్పు కావు, కొలబద్దలు వేరు. ఈ తేడాను ఉపాధ్యాయులే కనిపెట్టేలా రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టించండి.

వెతకడంలో భాష కూడా అడ్డు తగులుతుంది. "నిరోధం" అని మాత్రమే కొడితే రోగనిరోధక శక్తి గురించిన పేజీలు ముందుకు రావచ్చు, "విద్యుత్ నిరోధం పదో తరగతి" అని కొడితే వెతికింది దొరుకుతుంది.

5. పాఠం చెప్పించండి, మధ్యలో నెట్ తీసేయండి

ప్రతి జంటా పదిహేను నిమిషాల పాఠం చెప్పాలి, మిగిలినవారు పిల్లలుగా కూర్చోవాలి. ఎక్కడో ఒకచోట చెప్పకుండా వైఫై ఆపేయండి. అంతవరకూ తెర వైపే తిరిగి మాట్లాడినవారు అప్పుడు పిల్లల వైపు తిరుగుతారు.

6. నెల తరువాత కలవండి

మరో పూట సమావేశం పెట్టి, వాడిన పాఠం ఒకటి, వాడాలనుకుని మానేసినది ఒకటి తెమ్మనండి. రెండోదే ఎక్కువ నేర్పుతుంది. జూలైలో శిక్షణ జరిగితే ఆగస్టు 3ను గుర్తుంచుకోండి: ఆ రోజు మధ్యాహ్నం సుమారు 12.23కి సూర్యుడు హైదరాబాద్ నడినెత్తికి వచ్చి, నిటారుగా నిలిపిన కర్రకు నీడ లేకుండా పోతుంది. మే 9న కూడా ఇలాగే జరుగుతుంది కానీ అప్పుడు బడులకు వేసవి సెలవులు. ఆకాశాన్ని తెరపై చూపే, ఉచితంగా లభించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో సూర్యుడి ఎత్తును ముందు రోజే చూపి, మరునాడు మైదానంలో మీటరు కర్ర పాతించాలి. వానాకాలం కనుక ఆకాశం ముసురు పట్టి ఉంటే తరువాతి రోజు చూడవచ్చు, అప్పటికీ ఆ కర్ర నీడ సుమారు అర సెంటీమీటరే ఉంటుంది.