తుప్పు చుక్క మీద రంగు పూయకండి: సముద్రం ఒడ్డున కారు కడిగే పద్ధతి

విశాఖలో బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండేవారు రాత్రంతా బయట నిలిపిన కారు అద్దాన్ని పొద్దున్నే వేలితో రాసి చూడండి. జిగటగా తగులుతుంది. అది ఉప్పు. గాలిలోని తేమను పీల్చుకుని ఇనుము మీద చెమ్మ ఆరనివ్వదు. అందుకే వారానికోసారి కడగాలి, అదీ నీడలో, బానెట్ చల్లారాక.

రెండు బకెట్లు, కారు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. గిన్నెలు తోమే సబ్బు వద్దు, రంగును కాపాడే మైనపు పూతను, అంటే వ్యాక్స్‌ను ఊడదీస్తుంది. ముందు నీళ్లు కొట్టి మట్టి వదిలించి, పైకప్పు నుంచి కిందికి రుద్దండి. చక్రాలు చివర్న, వేరే గుడ్డతో. అపార్టుమెంట్లలో ఒకే బకెట్టు నీళ్లతో పది కార్లు తుడుస్తుంటారు, అంతకంటే కడగకపోవడమే మేలు. తలుపుల కింది అంచున నీరు కారే రంధ్రాలుంటాయి, వాటిని చీపురు పుల్లతో పొడిచి చూడండి. అవి పూడుకుంటే తలుపు లోపలి నుంచే తుప్పు పడుతుంది.

ఇక అసలు పని. బానెట్ ముందు అంచున రాయి తగిలి ఆవగింజంత పెచ్చు లేచి ఉంటుంది. చాలామంది దాని మీద రంగు చుక్క పెట్టేసి చేతులు దులుపుకుంటారు. నేనూ ఒకసారి అదే చేశాను. తరువాతి వానాకాలానికి అక్కడ రూపాయి బిళ్లంత బుడగ లేచింది. రంగు కింద తుప్పు పని ఆపదు.

400 నంబరు ఉప్పు కాగితాన్ని సన్నగా చుట్టి, పెన్సిల్ మొనకు అతికించి, ఆ చుక్కను మాత్రమే రుద్దండి. గోధుమరంగు పూర్తిగా పోయి ఇనుము తెల్లగా మెరవాలి. ఒక్క నల్లటి గుంట కనిపించినా ఆగకండి, చుట్టూ ఉన్న మంచి రంగును మాత్రం గీకకండి. తరువాత జిడ్డు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మబ్బు పట్టిన రోజున ఈ పని మొదలుపెట్టవద్దు. మా ఊరి గాలిలో వట్టి ఇనుము తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది, కాబట్టి రంగు కింద వేసే తొలి పూత, ప్రైమర్, ఆ పూటే పడాలి.

టచప్ రంగు సీసాతో వచ్చే కుంచెను పక్కన పెట్టండి, అది చుక్కకు బదులు ముద్ద పెడుతుంది. పళ్లు కుట్టుకునే పుల్ల మొనతో ప్రైమర్‌ను పలచగా అద్దండి. అది ఆరాక రంగు రెండు మూడు పొరలు, ఆపైన రంగులేని పై పూత, అంటే క్లియర్ కోట్, అన్నీ పలచగానే. రంగు కోడ్ సాధారణంగా తలుపు దగ్గర గాని, ఇంజిన్ గదిలో గాని అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. కంటితో పోల్చి కొన్న తెలుపు ఎప్పుడూ తెలుపు కాదు.

కొత్త చుక్కను నెల రోజులు వదిలేసి మిగతా కారుకు వ్యాక్స్ పట్టించండి. మూడు నెలలకోసారి చాలు. రంగు మీద వేయించే గట్టి రక్షణ పూత, సిరామిక్ కోటింగ్‌కు వేలు తగలేస్తారు గాని, రాయి తగిలితే అదీ పెచ్చులూడుతుంది. ఇంకొక్క మాట, తడి కారు మీద కవరు కప్పకండి.