గ్యాస్ టాబ్లెట్ అడిగే ముందు చాయ్‌లు లెక్కపెట్టండి

చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లో మాకు మెడికల్ షాపు ఉంది. ఫార్మసిస్టును నేనే. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, షాపుకొచ్చే పిల్లలు అడిగేవి దాదాపు అవే: తలనొప్పి బిళ్ల, గ్యాస్ టాబ్లెట్, నిద్ర పట్టడానికి ఏదైనా. "అక్కా, గుండె దడదడ కొట్టుకుంటున్నది, టెన్షన్ వల్లనేనా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ బిళ్ల తీసే ముందు నేను ఒక మాట అడుగుతాను: "తమ్ముడూ, నిన్న పొద్దున్నుంచి ఏమేం తాగినవ్?" ఎందుకంటే ఈ బాధల వెనక చాయ్, కాఫీల్లో ఉండి నిద్రను ఆపే కెఫీన్ ఉండొచ్చు.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. రెండు మూడు రోజులపాటు చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్, ఎనర్జీ డ్రింక్ ఏది తాగినా ఫోన్‌లో రాసుకోండి. పక్కనే టైమ్ కూడా వేయండి. ఎంత తాగామన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు తాగామన్నదీ అంతే ముఖ్యం.

ఇప్పుడు లెక్క. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజు మొత్తం మీద 300 మి.గ్రా. దాటొద్దని ఆ సంస్థ చెప్పింది. ఇరానీ హోటల్ చాయ్ కప్పు చిన్నదే అయినా టీ డికాక్షన్ చాలాసేపు మరుగుతుంది కాబట్టి, చిన్న కప్పు కదా అని సగం లెక్క వేయకండి. ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ (ఒక మొక్క వేరు పొడి) కలిస్తే మాత్రం కెఫీన్ ఆ మేరకు తగ్గుతుంది, చికోరీలో కెఫీన్ ఉండదు.

చాలామంది లెక్కలో వదిలేసేవి రెండున్నాయి. ఒకటి ఎనర్జీ డ్రింకు. మన దేశంలో వీటిలో లీటరుకు 300 మి.గ్రా. వరకు కెఫీన్ కలపొచ్చు, అంటే 250 మి.లీ. సీసాలో 75 మి.గ్రా. దాకా ఉండొచ్చు. పిల్లలకు, గర్భిణులకు తగదని లేబుల్ మీదే రాసి ఉంటుంది, చదవండి. రెండోది తలనొప్పి బిళ్ల. కొన్నింట్లో పారాసిటమాల్‌తోపాటు 50 మి.గ్రా. కెఫీన్ కూడా ఉంటుంది. స్ట్రిప్ వెనక చూడండి, లేదా షాపులో అడగండి. అడిగితే చెప్పడం మా పని.

రోజంతా అలసిన కొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పెరిగి నిద్ర తెప్పిస్తుంది. కెఫీన్ దాని చోట్లో కూర్చుంటుంది, అందుకే నిద్ర రాదు. అలసట మాత్రం ఎక్కడికీ పోదు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి పెద్ద కాఫీ తాగితే, రాత్రి పదకొండింటికి అందులో సగం ఒంట్లోనే ఉందన్నమాట. పైకి నిద్ర పట్టినా గాఢంగా పట్టదు. పొద్దున తల బరువు, దానికి మళ్లీ చాయ్, ఖాళీ కడుపులో తాగితే మంట, చేతుల వణుకు, చిరాకు. చదివింది గుర్తుండట్లేదని ఏడ్చే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్కసారిగా మాత్రం మానేయకండి. మానిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం మొదలై వారం దాకా వేధించవచ్చు. దానికోసం కెఫీన్ ఉన్న బిళ్లే వేసుకుంటే మళ్లీ మొదటికే వస్తారు. ముందు రాత్రి చాయ్ ఆపండి. రెండు మూడు రోజులు అలవాటయ్యాక సాయంత్రంది ఆపండి. పదకొండింటికి పడుకునేవాళ్లు మధ్యాహ్నం రెండు తర్వాత ఏదీ తాగకపోతే మంచిది. స్నేహితులతో చాయ్ బండి దగ్గరికి వెళ్లడం మానొద్దు, గంటల తరబడి కూర్చుని చదివేవాళ్లకు ఆ నడక, ఆ కబుర్లు కావాలి. వన్ బై టూ చెప్పండి, లేదంటే మజ్జిగో నిమ్మరసమో తాగండి.

హాస్టల్ ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. అన్నం తినగానే చాయ్ తాగొద్దు. అందులోని టానిన్లు ఆహారంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి ముందు గంట, తర్వాత గంట వదిలేయండి. ఐరన్ మాత్రకూ ఇదే వర్తిస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని నీళ్లతో మింగి, కనీసం అరగంట ఆగాకే కాఫీ తాగాలి. గంట ఆగితే ఇంకా మంచిది. గర్భిణులు రోజుకు 200 మి.గ్రా. లోపే ఉండాలి. బీపీ చూపించుకునే ముందు అరగంట కాఫీ, టీ వద్దు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు వాడుతుంటే కెఫీన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, ఆ రోజుల్లో బాగా తగ్గించండి.

ఆన్‌లైన్‌లో దొరికే కెఫీన్ పొడి జోలికి అసలు వెళ్లకండి. ఒక్క టీస్పూను సుమారు 28 కప్పుల కాఫీతో సమానమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

ఛాతీలో నొప్పి, ఎంతకీ తగ్గని దడ, ఆగని వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం వీటిలో ఏది కనిపించినా షాపుకు రాకండి, 108కి ఫోన్ చేయండి. ఏం తాగారో, ఏ బిళ్ల వేసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఖాళీ సీసా, స్ట్రిప్ ఉంటే వెంట తీసుకెళ్లండి.