ఆర్కిడ్ సంఘం నెలవారీ సమావేశం: వక్తను పిలవడం నుంచి రీపాటింగ్ చేయించడం దాకా

ఆర్కిడ్లు పెంచేవాళ్లు ఒక ఇరవై మంది పోగైతే వాట్సాప్ గ్రూపు దానంతట అదే పుట్టేస్తుంది. నెలనెలా కలిసి కూర్చునే సంఘంగా నిలబడాలంటే మాత్రం కొంచెం కష్టపడాలి. మొదటి రెండు సమావేశాలు కొత్త ఉత్సాహంతో గడిచిపోతాయి, మూడోదానికి సగం కుర్చీలు ఖాళీ. ఎక్కువగా కారణం ఒకటే. వచ్చిన వక్త కొండప్రాంతాల మొక్కల అందమైన ఫొటోలు చూపించి వెళ్లిపోతారు. విన్నవాళ్లకు మర్నాడు పొద్దున తమ బాల్కనీలో ఏం చేయాలో మాత్రం తెలియదు. అందుకే ప్రసంగమూ, ఆ తర్వాత చేతులతో చేయించే పనీ ఒకే విషయం మీద ఉండాలి. ఆ విషయం సరిగ్గా ఆ నెలలో మొక్కకు అవసరమైనదై ఉండాలి.

ముందు నెలలు, తర్వాత మనుషులు

వక్త దొరికారని విషయం పెట్టుకోకండి. విషయం ముందు రాసుకుని దానికి వక్తను వెతకండి. హైదరాబాదు వాతావరణం లెక్కన చూస్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో డెండ్రోబియం అనే ఆర్కిడ్ రీపాటింగ్ (కుండీ, అందులో నింపినది మార్చి మళ్లీ నాటడం) గురించి పెట్టుకోవచ్చు, కొత్త పిలకలు అప్పుడే లేస్తుంటాయి. ఏప్రిల్, మేలలో ఎండ, పొడిగాలి, షేడ్‌నెట్. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఫ్లాస్క్ మొక్కలు (ల్యాబులో సీసాలో మొలిపించిన పిల్లమొక్కలు), కుళ్లు తెగుళ్లు, నత్తలు. అక్టోబరులో ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ పూత. దీన్ని డిసెంబరుకు నెట్టొద్దు. 26 డిగ్రీలు దాటని చల్లదనం కొన్ని వారాలపాటు తగిలితేనే ఫెలనాప్సిస్ పూకాడ తీస్తుంది, లేకపోతే ఆకులు వేస్తూ కూర్చుంటుంది. చలిగాలి తగిలే కిటికీ దగ్గరికి కుండీ మార్చమని అక్టోబరులో చెబితే జనవరికి పూకాడ కనిపిస్తుంది. డిసెంబరులో చెబితే అప్పటికే సగం చలికాలం అయిపోయినట్టే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో గాలిలో తేమకు లోటుండదు కాబట్టి మే నెల ప్రసంగం పొడిగాలి మీద కాకుండా గాలి ఆడటం మీద ఉండాలి.

వక్తలు దొరికే చోట్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువే. ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రం, ఊళ్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగం, టిష్యూకల్చర్ ల్యాబులు, పాలీహౌస్‌లో డెండ్రోబియం పూలు పండించే రైతులు. సిక్కింలోని పాక్యాంగ్‌లో 1996 నుంచి జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తను ఇంత దూరం రప్పించడం చిన్న సంఘానికి తలకు మించిన ఖర్చు, ఆన్‌లైన్‌లో గంట అడగడమే నయం. ప్రభుత్వ సంస్థ వాళ్లను పిలిచేటప్పుడు నేరుగా వ్యక్తికి మెసేజ్ పెట్టి ఊరుకోకూడదు. సంస్థ అధిపతి పేరున సంఘం లెటర్‌హెడ్ మీద కనీసం నెలన్నర ముందు ఉత్తరం వెళ్లాలి. అనుమతి రాకపోతే ఆయనకు రావాలని ఉన్నా రాలేరు.

నర్సరీ యజమానులు మంచి వక్తలు, ఒక్క షరతు పెట్టుకుంటే. పారితోషికానికి బదులు అమ్మకానికి ఒక బల్ల ఇస్తామనండి, కానీ అమ్మకం ప్రసంగం పూర్తయ్యాకే మొదలవ్వాలి, అప్పటిదాకా మొక్కల మీద గుడ్డ కప్పి ఉంచాలి. ఇది ముందు తేల్చుకోకపోతే ఆయన మాట్లాడుతుంటే సగం మంది వెనక బల్ల దగ్గర బేరాలాడుతుంటారు.

వక్తకు ముందే రాసి పంపాల్సినవి

పిలుపుతో పాటు ఒక పేజీ పంపండి. మన ఊళ్లో మే నెల పగటి వేడి, జనవరి రాత్రి చలి ఎంత ఉంటాయి, సభ్యుల్లో బాల్కనీ వాళ్లెందరు, మేడ మీద షేడ్‌నెట్ ఉన్నవాళ్లెందరు, ఏ మొక్కలు పెంచుతున్నారు, నీళ్లు బోరువా మున్సిపాలిటీవా, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) ఎంత. ఈ పేజీ అందకపోతే కొండప్రాంతం నుంచి వచ్చినవారు సింబీడియం అనే ఆర్కిడ్ గురించి చెబుతారు. శరదృతువులో రాత్రుళ్లు చల్లబడితే తప్ప పెద్ద సింబీడియాలు పూకాడ వెయ్యవు. మన మైదానాల్లో గడ్డిలా ఏపుగా పెరిగి ఊరుకుంటాయి. ఆ ప్రసంగం విన్న ఉత్సాహంలో నలుగురు కొనేస్తారు, మూడేళ్లు ఎదురుచూసి సంఘం మీద అలుగుతారు.

సభ్యుల నుంచి ఐదారు ప్రశ్నలు, ఫొటోలతో సహా వారం ముందే తీసుకుని వక్తకు చేరవేస్తే ప్రసంగం వాటి చుట్టూ తిరుగుతుంది. 40 నిమిషాలు మాట, 20 నిమిషాలు ప్రశ్నలు అని స్పష్టంగా చెప్పండి. గంట దాటితే వెనక వరసలో ఫోన్లు బయటికొస్తాయి. రానుపోను చార్జీలు, బస ఎవరు పెట్టుకుంటారన్నది మొహమాటపడకుండా ఫోన్లోనే తేల్చేయాలి. వచ్చాక తేల్చుకుందామంటే ఇద్దరికీ ఇబ్బందే.

సమయం ఆదివారం ఉదయం పదింటికి, వేసవిలో సాయంత్రం ఐదింటికి. హాలు చూసేటప్పుడు ప్రొజెక్టర్ కంటే ముందు కిటికీలకు పరదాలున్నాయా చూడండి. పట్టపగటి వెలుతురులో ఆకు మీద పురుగు మచ్చ ఫొటో తెర మీద కనిపించదు, వక్త చెప్పేది గాలిలో పోతుంది.

మొక్కల బల్ల

పూసిన మొక్కలు తెచ్చి పెట్టే బల్లే సమావేశానికి ప్రాణం. ప్రసంగం నచ్చకపోయినా ఈ బల్ల కోసం జనం వస్తారు. హాలు తలుపు దగ్గరే ఒకరిని కూర్చోబెట్టి ప్రతి మొక్కనూ ఆకు అడుగున, కాడ మొదట్లో, పూమొగ్గ వెనక చూడమనండి. పిండినల్లి కనిపిస్తే ఆ మొక్క లోపలికి రాకూడదు, ఎంత పెద్దాయన తెచ్చినా సరే. ఒక్క మొక్కతో వచ్చిన పిండినల్లి ఆ సాయంత్రానికి పది ఇళ్లకు చేరుతుంది.

పేరు చీటీ లేని మొక్క బల్ల మీద పెట్టనివ్వొద్దు. పేరు తెలియకపోతే తెలియదనే రాయమనండి, ఊహించి రాసిన పేరు కంటే అదే మేలు. చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి. మార్కర్ రాత ఎండకు ఏడాదిలో వెలిసిపోతుంది, పెన్సిల్ రాత ఏళ్ల తరబడి ఉంటుంది. పేరు, కొన్న నెల, చివరిసారి మీడియా (కుండీలో మట్టికి బదులు నింపే బొగ్గు, ఇటుక ముక్కల లాంటివి) మార్చిన నెల, ఈ మూడు చాలు. ఓటింగ్ పెట్టి బహుమతి ఇవ్వడం సరదాగా ఉంటుంది. అమెరికన్ ఆర్కిడ్ సొసైటీలో 75 మార్కుల నుంచి, 80 నుంచి, 90 నుంచి మూడు స్థాయిల పురస్కారాలు ఉంటాయి కానీ ఆ పద్ధతి శిక్షణ పొందిన న్యాయనిర్ణేతలు ఉంటేనే. మనకు చేతులెత్తితే సరిపోతుంది.

నీళ్లు కొలిచే రోజు

ఖర్చు లేకుండా అందరినీ కదిలించే పని ఇది. ప్రతి సభ్యుడూ ఇంటి కుళాయి నీళ్లు అర లీటరు సీసాలో తెచ్చి, మీద కాలనీ పేరు రాయాలి. కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటరుతో వరసగా కొలిచి బోర్డు మీద రాయండి. 200 లోపు ఉంటే బెంగ లేదు. 500 దాటితే కుండీ అంచున తెల్లటి పొర, వేరు కొసలు నల్లబడటం మామూలే, ఆ సభ్యులు ఎరువు ఎక్కువైందని భ్రమపడుతుంటారు. వాననీళ్లో ఆర్వో నీళ్లో కలపడమే మందు. 800 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లు ఒక వంతు, 50 ఉన్న ఆర్వో నీళ్లు రెండు వంతులు కలిపితే 300కు దిగుతుంది. ఆర్వో యంత్రం వదిలేసే వృథా నీళ్లు మాత్రం ఆర్కిడ్లకు పోయకూడదు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

రీపాటింగ్ బల్ల

ఇరవై మందికి ఏర్పాటు చేస్తున్నారనుకుందాం, తలా ఒక డెండ్రోబియం, 5 అంగుళాల కుండీ. కుండీకి సుమారు లీటరు మీడియా పడుతుంది కాబట్టి మొత్తం 20 లీటర్లు కావాలి. అందులో సగం కట్టె బొగ్గులు, అంటే సుమారు 3 కిలోలు. ఇస్త్రీ బండివాళ్లు కొనే చోటే దొరుకుతాయి, రాక్షసి బొగ్గు పనికిరాదు. మిగతా సగంలో ఇటుక ముక్కలు 5 లీటర్లు, కొబ్బరి డొక్క ముక్కలు 5 లీటర్లు. అన్నీ రెండు సెంటీమీటర్ల సైజుకు కొట్టి, జల్లెడ పట్టి, పొడి పూర్తిగా తీసేయాలి. ఆ పొడి కుండీ అడుగున చేరి బురదైతే గాలి ఆడక వేర్లు కుళ్లుతాయి. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది. ఒక రోజంతా నానబెట్టి మూడుసార్లు నీళ్లు మార్చాలి. బొగ్గులు, ఇటుకలు కూడా ముందురోజు రాత్రే నానాలి, లేకపోతే పొడి ఇటుక వేరులోని తడిని లాగేస్తుంది.

కత్తెర ఒక్కటి పెట్టి చేతులు మార్చుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. సింబీడియం మొజాయిక్, ఓడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ అనే రెండు వైరస్‌లు కోసిన అంచు మీది రసంతోనే ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. స్పిరిట్‌తో తుడిస్తే చాలదు. చవకైన దారి ఏమిటంటే మొక్కకు ఒక కొత్త షేవింగ్ బ్లేడు. పాతిక బ్లేడులు కొని, వాడినవి వేయడానికి మూత ఉన్న డబ్బా పెట్టండి. కత్తెరే కావాలంటే ప్రతి మొక్కకూ ముందు గ్యాస్ మంట మీద కాల్చాలి. మొక్క మొక్కకూ బల్ల మీది పాత పేపరు కూడా మారాలి. పాత కుండీలు తెచ్చుకునేవాళ్లు ఇంట్లోనే ఒక వంతు బ్లీచ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో అరగంట ముంచి, కడిగి, ఆరబెట్టి తేవాలి.

మొక్కకు ముందురోజు నీళ్లు పోసి తెమ్మనాలి, తడిసిన వేరు వంగుతుంది, ఎండినది విరుగుతుంది. కుండీ నుంచి రాకపోతే కుండీని పక్కల నుంచి నొక్కాలి, మొక్కను పట్టి లాగకూడదు. వేర్లను ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే పైకి గోధుమ రంగున్నా బతికున్నట్టే. మెత్తగా నలిగి లోపలి నార ఒక్కటే మిగిలితే చచ్చినట్టు, దాన్ని కోసేయాలి. కొత్తవాళ్లు రంగు చూసి మంచి వేర్లు కూడా కోసేస్తారు, ఈ నొక్కి చూడటం దగ్గరే నేర్పేవారు నిలబడాలి. మొక్కను విడగొట్టదలిస్తే ఒక్కో ముక్కకు కనీసం మూడు కేన్లు (లావుపాటి కాడలు) మిగలాలి. ఆకులు రాలిన పాత కేన్లను ఎండినవని తీసేయొద్దు, మొక్క తిండి వాటిలోనే నిలవుంటుంది. కోసిన చోట కేన్ మీద మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దొచ్చు. వేర్లకు తగిలితే వాటిని ఎండబెట్టేస్తుంది.

పాత కేన్లు కుండీ అంచుకు, కొత్త పిలక మధ్యకు వచ్చేలా పెట్టి, మొదలు మీడియా పైనే కనిపించేలా నింపాలి. లోతుగా పూడిస్తే పిలక కుళ్లుతుంది. చివరగా పుల్ల గుచ్చి కట్టాలి. అందరూ తొందరలో వదిలేసేది ఇదే. మొక్క కదులుతుంటే కొత్త వేరు కొస బొగ్గుకు రాసుకుని ఆగిపోతుంది. కేన్ పట్టుకుని ఎత్తితే కుండీ కూడా లేవాలి, అంత బిగువు కావాలి. ఇంటికెళ్లాక మూడు రోజులు నీళ్లు పోయకుండా ఆకుల మీద తుంపర చాలు. వేరు కొసలు పచ్చగా కనిపించేదాకా ఎరువు వద్దు. ఆ తర్వాత 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాముతో మొదలుపెట్టాలి.

ఫ్లాస్క్ పంచుకోవడం

ఆర్కిడ్ విత్తనంలో మొలకకు తిండి ఉండదు, అడవిలో బూజు తోడు లేకుండా మొలవదు. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిపిన అగార్ (జెల్లీ లాంటి పదార్థం) మీద మొలిపించాకే ఫ్లాస్కులు వచ్చాయి. ఒక ఫ్లాస్కులో పాతిక దాకా పిల్లమొక్కలుంటాయి, నలుగురైదుగురు కలిసి కొంటే గిట్టుబాటు. వానాకాలంలోనే తెరవాలి, ఏప్రిల్‌లో తెరిస్తే హైదరాబాదు గాలికి వారంలో వడలిపోతాయి. వేర్లకు అంటిన అగార్ గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలిన చక్కెర మీదే బూజు పడుతుంది. పెద్దవీ చిన్నవీ వేరు చేసి, వదులుగా నొక్కిన స్ఫాగ్నం నాచులో ఒకే కుండీకి పదేసి నాటి, మూత ఉన్న పారదర్శక డబ్బాలో నీడపట్టున ఉంచాలి. మూతను మూడు నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి.

జబ్బు మొక్కల బల్ల వేరు గదిలో, మిగతా బల్లల పనులయ్యాక పెట్టండి. మొక్కలు మూసిన కవర్లో రావాలి, మూసిన కవర్లోనే వెళ్లాలి. వైద్యం చెప్పేముందు మూడు అడగాలి: ఎన్ని రోజులకోసారి నీళ్లు, బాల్కనీ ఏ దిక్కు, మీడియా మార్చి ఎన్నాళ్లయింది. నీరుకారుతూ వాసన వచ్చే మచ్చ గంటల్లో పెరుగుతుంటే బాక్టీరియా కుళ్లు, పచ్చటి భాగంలోకి సెంటీమీటరు లోపలికి కోసేసి, పై నుంచి నీళ్లు పోయడం ఆపాలి. తెల్లబడి ఎండి అక్కడే ఆగిపోయిన మచ్చ ఎండదెబ్బ, దానికి మందులు కొట్టించకండి.

లాటరీ, అమ్మకం అన్నిటికీ చివర పెడితే జనం ఆఖరిదాకా ఉంటారు. గెలిచినా కొన్నా ఆ మొక్కను మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచమని చీటీ మీదే రాసివ్వండి.

ఏడాదికోసారి యాత్ర వేయండి. కడియం నర్సరీల్లో షేడ్‌నెట్ కట్టే తీరు, నీళ్లు పట్టే తీరు చూసినా చాలు, నేర్చుకోవడానికి బోలెడుంటుంది. అరకు, మారేడుమిల్లి వైపు వెళ్తే చెట్ల మీది వాండాలు కనిపిస్తాయి. వెంట కెమెరా, బైనాక్యులర్ తీసుకెళ్లండి, కత్తి మాత్రం బస్సులోనే ఉంచండి. అడవి నుంచి మొక్క తేవడం నేరం. బ్లూ వాండా, రెడ్ వాండా, లేడీస్ స్లిపర్ ఆర్కిడ్లయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే పేరుపేరునా ఉన్నాయి. రోడ్డు పక్కన ఎవరైనా చెట్టు నుంచి ఊడదీసినవి అమ్ముతున్నా కొనొద్దని బస్సెక్కే ముందే సభ్యులకు చెప్పాలి.