వేడెక్కాక ఆగిపోయే పాత అంబాసిడర్: తడిగుడ్డ వేయడానికి ముందు చూడవలసినది

సమస్య

ఉదయం ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటుంది. పది పదిహేను కిలోమీటర్ల దాకా ఏ మిస్సింగూ లేకుండా నడిచి, ఆ తరువాత రెండు కుదుపులు కుదిపి రోడ్డు పక్కన ఆగిపోతుంది. ఇక ఎంత సెల్ఫ్ కొట్టినా ఫలితం ఉండదు. డ్రైవరు బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టు నీడన అరగంట కూర్చొని వస్తే బండి మళ్లీ స్టార్టవుతుంది. పైపులో పెట్రోలు ఆవిరైందని, గుడ్డ వేయడం వల్ల తగ్గిందని అందరూ నిర్ధారించుకుంటారు. ఆ అరగంటలో పంపుతో పాటు బానెట్ కింద ఉన్న ప్రతి వస్తువూ చల్లబడిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఇక్కడ చెబుతున్నది బి-సిరీస్ (బ్రిటిష్ బీఎంసీ డిజైను) తరహా 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ పెట్రోలు ఇంజిన్ గురించి. తరువాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ గురించి, డీజిలు గురించి కాదు. దీని డిస్ట్రిబ్యూటరులో (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే భాగం) కాయిలు కరెంటును కలిపి తెంచే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. కార్బురేటరు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి కనుక ఆవిరి పట్టడమనేది ఇందులో నిజంగానే జరగవచ్చు. అందువల్లనే ఆ నింద ఇంత సులువుగా అతుక్కుంటుంది. అయితే ఆవిరి పట్టే బండి సాధారణంగా మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినప్పుడో, ఘాట్ ఎక్కి దిగి ఆపిన పది నిమిషాల తరువాతో మొరాయిస్తుంది. గాలి బాగా తగులుతూ అరవై వేగంతో హైవే మీద పోతున్న బండి ఆగిందంటే ముందు పెట్రోలును అనుమానించనక్కరలేదు.

ముందుగా చూడవలసినది

బండి ఆగిన ఆ నిమిషంలోనే, అది ఇంకా వేడిగా ఉండగానే, ప్లగ్గులకు కరెంటు, అంటే నిప్పురవ్వ, వస్తోందా లేదా అని చూడాలి. డిస్ట్రిబ్యూటరు మూత మధ్యలో ఉండే కాయిలు (ప్లగ్గులకు కావలసిన వోల్టేజి పుట్టించేది) వైరును ఊడదీసి, రబ్బరు తొడుగు దగ్గర పట్టుకొని, దాని కొనను ఇంజిన్ బ్లాకుకు ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంకొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. పెట్రోలు కారుతున్న చోట ఈ పని చేయరాదని వేరే చెప్పనక్కరలేదు. నిప్పురవ్వ లావుగా, నీలంగా, టపటపమని చప్పుడు చేస్తూ దూకితే కరెంటు బాగున్నట్టు. అప్పుడు పెట్రోలు వైపు వెళ్లవచ్చు. సన్నగా పసుపు రంగులో వచ్చినా, అసలు రాకపోయినా కార్బురేటరు జోలికి పోవద్దు. నిమిషం పట్టని ఈ పరీక్ష చేయకుండా పంపు మార్చి, టాంకు దించి కడిగించి, కార్బురేటరును రెండుసార్లు విప్పించుకున్న తరువాత నా దగ్గరికి వచ్చిన బండ్లు లెక్కలేనన్ని.

అసలు దొంగ: కండెన్సరు

డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్ల పక్కన స్క్రూతో బిగించి ఉండే చిటికెన వేలంత డబ్బా ఇది. పాయింట్లు విడిపోయినప్పుడు వాటి మధ్య మంట పుట్టకుండా ఆ కరెంటును తాను తీసుకుంటుంది. అప్పుడే కాయిలులోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలి ప్లగ్గుకు కావలసిన వోల్టేజి పుడుతుంది. వేడికి లోపలి అతుకు విడిపోతే ఆ శక్తి పాయింట్ల దగ్గరే మంటగా పోతుంది, ప్లగ్గుకు పసుపు నిప్పురవ్వ మిగులుతుంది. చల్లబడగానే అతుకు మళ్లీ కలుస్తుంది. షెడ్డులో మరునాడు ఉదయం మీటరు పెట్టి చూస్తే ఇలాంటి ఇంజిన్‌కు ఉండవలసిన 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ల మధ్య నిక్షేపంగా చూపిస్తుంది. అందువల్ల దీన్ని దొంగ అంటున్నాను.

నేను మోసపోయిన బండి కాకినాడ నుంచి పెళ్లిళ్లకు తిరిగేది. తుని దాటాక ప్రతిసారీ ఆగేది. కరెంటు సన్నగా ఉందని చూశాను, కండెన్సరే అనుకొని కొత్తది వేశాను. వారం తిరగకుండా మళ్లీ ఆగింది. కండెన్సరు కొత్తది కదా, దాన్ని అనుమానించేదేముంది అని కాయిలు మార్చాను, వైర్లు మార్చాను, మూత, రోటరు మార్చాను. చివరకు బండి వెంటే వెళ్లి, తుని దగ్గర మిట్టమధ్యాహ్నం అది ఆగిన చోటనే డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, స్విచ్చి ఆన్‌లో ఉంచి స్క్రూడ్రైవరుతో పాయింట్లను విడదీశాను. విడదీసిన ప్రతిసారీ వాటి మధ్య వెల్డింగు మెరుపులాంటి నీలి మంట లేచింది. కొత్త కండెన్సరూ వేడికి అదే పని చేస్తోందన్నమాట. రోజూ నడుస్తున్న మరొక బండిలోని పాత కండెన్సరు విప్పి తెచ్చి వేశాక అది మళ్లీ ఆగలేదు. ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న డబ్బాలోంచి తీసిన వస్తువును కొత్తదన్న ఒక్క కారణంతో నమ్మకూడదని అప్పుడు తెలిసింది.

పాయింట్లు కూడా సాక్ష్యం చెబుతాయి. మూత తీసి చూసినప్పుడు అవి నల్లగా లేదా నీలంగా కాలి ఉన్నా, ఒకదానిపై చిన్న మొన, రెండోదానిపై దానికి సరిపడే గుంట ఏర్పడినా, గ్యాపు సరిచేసి మూత పెట్టేయకుండా ముందు కండెన్సరు సంగతి తేల్చాలి.

పరిష్కారం

పనిచేస్తోందని తెలిసిన కండెన్సరును బయటినుంచే తాత్కాలికంగా కలపవచ్చు. దాని వైరును కాయిలుపై డిస్ట్రిబ్యూటరు వైపు టెర్మినలుకు, డబ్బాను బాడీకి గట్టిగా బిగించి, లోపలి పాతదాని వైరు ఊడదీయాలి. పాతదాన్ని తప్పనిసరిగా విడదీయాలి. అది షార్టయి ఉంటే కొత్తది కలిపినా కరెంటు రాదు. ఈ అమరికతో వేడెక్కాక కూడా బండి నడిస్తే తీర్పు వచ్చినట్టే. నేను చాలా బండ్లకు దాన్ని అలాగే, డిస్ట్రిబ్యూటరు వేడికి దూరంగా, కాయిలు క్లాంపు దగ్గరే శాశ్వతంగా బిగించేశాను. తరువాత పాయింట్లు మార్చి గ్యాపు సరిచేయాలి. డ్యాష్‌బోర్డు అరలో స్పేరు పెట్టుకొనేవారు ముందు దాన్ని నెల రోజులు బండిలో నడిపి, ఆ తరువాత విప్పి దాచుకోవాలి.

అరుదైనవి

కండెన్సరు మంచిదని తేలాక కూడా వేడికి కరెంటు పోతుంటే కాయిలును మార్చి చూడాలి. కరెంటు బాగుండి బండి ఆగుతుంటే పెట్రోలు టాంకు మూత తెరవాలి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని రంధ్రం మూసుకుపోయినట్టు, పిన్నుతో పొడిస్తే సరిపోతుంది. ఇథనాలు కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు డయాఫ్రం తట్టుకోక పంపు బలహీనపడటమూ ఉంది, దానికి కిట్టు మార్చడమే. ఇక డిస్ట్రిబ్యూటరు లోపల ప్లేటుకు ఉండే సన్నటి ఎర్తు వైరు తొడుగు బాగానే కనిపిస్తూ లోపల తెగి ఉండవచ్చు; వేడితో నిమిత్తం లేకుండా యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే మిస్సింగు వస్తుంటే ఆ వైరును వేలితో మెల్లగా లాగి చూడాలి. తెగినది రబ్బరులా సాగుతుంది.