అంపైర్ మీద కోపం వస్తే మ్యాచ్ ఇలా చూడండి

విజయనగరంలో మా ఇంట్లో క్రికెట్ మ్యాచ్ పెడితే గొడవ ఎల్బీడబ్ల్యూ దగ్గరే మొదలవుతుంది. అంటే, వికెట్లకి తగలాల్సిన బంతికి బ్యాటర్ కాలు అడ్డొచ్చిందని ఇచ్చే అవుట్. చిన్నాన్న అయితే రిమోట్ మంచం మీదకి విసిరేసేవారు. ఆయన కోసమే ఈ పద్ధతి మొదలుపెట్టాను.

అంపైర్ చెప్పింది రీప్లేలో మళ్లీ చూడమని జట్టు రివ్యూ అడగగానే టీవీ మ్యూట్ చేయండి. కామెంటరీలో ‘అవుటే’ అని వింటే మన కళ్లకీ అలాగే కనిపిస్తుంది. బంతి లెగ్ స్టంప్ (బ్యాటర్ కాళ్ల వైపు వికెట్) బయట పడితే నాటౌట్, ఇంకేమీ చూడక్కర్లేదు. ప్యాడ్‌కి ఆఫ్ స్టంప్ (అవతలి వైపు వికెట్) బయట తగిలినా, బ్యాటర్ షాట్ ఆడి ఉంటే నాటౌటే. అసలు తగువంతా వికెట్ల దగ్గర. బంతిలో సగం కన్నా తక్కువ భాగం తగిలేలా ఉంటే, అంపైర్ ముందు ఏది చెబితే అదే నిలుస్తుంది. అందుకే ఒకే రకం బంతికి ఒకసారి అవుట్, ఇంకోసారి నాటౌట్. ఇది మోసం కాదండీ. ప్యాడ్‌కి తగిలాక బంతి దారి అంచనాయే కదా! ఇలాంటప్పుడు అడిగిన జట్టుకి రివ్యూ కూడా పోదు.

చిన్నాన్నకి అరుగు మీద మట్టిముద్దలో మూడు చీపురుపుల్లలు గుచ్చి, పక్కన నిమ్మకాయ పెట్టి చూపించాను. కాయని కొంచెం జరపగానే “ఓహో, ఇంతేనా తేడా!” అన్నారు.

కామెంటరీ విసిగిస్తే ఫీల్డింగ్ మీరే గీసుకోండి. 1936లో ఇంగ్లండ్‌లో మన జట్టుకి కెప్టెన్‌గా ఉన్న మన విజ్జీ (విజయనగరం మహారాజకుమార్), తర్వాత రేడియోలో కామెంటరీ చెప్పారు. రేడియోలో ఫీల్డర్ ఎక్కడున్నాడో చెప్పక తప్పదు. టీవీలో అదే వదిలేస్తున్నారు, నా బాధంతా అదే. నేను పాత నోట్‌బుక్‌లో గుండ్రంగా మైదానం గీసి, బౌలర్ మారినప్పుడల్లా చుక్కలు మారుస్తాను.